మూడుసార్లు చెప్పే మాట

రేడియో వినేవాడికి నీతి ఒక్కటే. విన్నది కడుపులో దాచుకోవాలి. ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మా ఇంటి అటక మీద కూర్చుని, సైనిక విమానాలూ నేవీ ఓడలూ మాట్లాడుకునేవి స్కానర్‌లో ఏళ్ల తరబడి వింటున్నాను. ఒక్క ముక్క మా ఆవిడ గిరిజకైనా చెప్పలేదు. చెబితే వింటుందా అన్నది వేరే సంగతి.

మా ఊళ్లోనే ఉండే కుర్రాడు మహీధర్ అలా కాదు. నన్ను చూసి మోజుపడి తనూ ఒక స్కానర్ కొన్నాడు. వారం తిరక్కుండానే ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ‘బ్రేకింగ్’ అంటూ మొదలెట్టాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

ఆ శనివారం మా పక్కింటి వెంకట్ చేపలు పడదామని క్లోగర్‌హెడ్ దగ్గర సముద్రపు రాళ్ల మీదికి వెళ్లాడు. అల వచ్చి లాక్కుపోయింది. కోస్ట్‌గార్డు పడవలు, హెలికాప్టరు రాత్రంతా వెతికాయి. ఆదివారం మధ్యాహ్నానికీ జాడ లేదు. ఏ రాళ్ల సందునో ఎక్కి కూర్చుని ఉంటాడని అతని భార్య జయశ్రీ ఆశ. ఫోను ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

నేను అటకెక్కి వింటున్నాను. దక్షిణాన దూరంగా ఒక నేవీ ఓడ అభ్యాసం చేస్తోంది. మనిషంత బొమ్మను నీళ్లలో పడేసి, వెతికి పైకి తీసే డ్రిల్లు అది. అలాంటప్పుడు ప్రతి సందేశానికీ ముందు ‘ఎక్సర్‌సైజ్’ అని మూడుసార్లు చెబుతారు. వినేవాళ్లు నిజమనుకుని కంగారు పడకూడదని ఆ పద్ధతి.

పది నిమిషాల్లో నా ఫోను మోగింది. గ్రూపులో మహీధర్ పెట్టిన ఆడియో. “ఒక మనిషిని పైకి తీశాం. ప్రాణం లేదు.” ముందు చెప్పాల్సిన ఆ మాట లేదు. కింద అతని రాత: ‘ఎక్స్‌క్లూజివ్! మన వెంకట్ ఇక లేరు.’ దాని కింద వరసగా దణ్ణాలు, ఓం శాంతులు. ఛీ!

నేను పరుగున వెళ్లేసరికి జయశ్రీ నేలమీద పడి గుండెలు బాదుకుంటోంది. ఇల్లంతా జనం. ఎవరో పెద్దావిడ అప్పుడే కుంకుమ భరిణె తీసి వంటింటి అలమరలో దాచేసింది. గిరిజ దాన్ని లాగి బయట పెట్టి, “ఏం తొందరొచ్చిందండీ మీకు?” అని అరిచింది.

“అమ్మా, అది డ్రిల్లు. వాళ్లు తీసింది ఉత్త బొమ్మని. నేను మొదట్నించీ విన్నాను,” అన్నాను.

“నిజంగానా అన్నయ్యగారూ?”

“నిజం తల్లీ. వెంకట్ గురించి ఇంకా ఎవరికీ ఏమీ తెలీదు.”

గొంతు పోయేదాకా ఏడ్చిన మనిషి, మెల్లగా లేచి మొహం కడుక్కుంది.

ఇంతలో మహీధర్ దిగాడు, ఏడుపు మొహం పెట్టుకుని. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

“ముందు మూడుసార్లు చెప్పిన మాటేదిరా?”

“అదా అన్నా? స్టేటస్‌లో కూడా పెడదామంటే పట్టట్లేదని కట్ చేశా. ఏదో ఎక్సర్‌సైజ్ అంటున్నాడు, వాళ్ల ఊతపదమేమో అనుకున్నా.”

“తెనాలిలో వెంకట్ వాళ్లమ్మకి కూడా వినిపించారట. ఆవిడ పడిపోయిందట. సిగ్గుందా నీకు?”

“డిలీట్ చేసేశాగా. ఇట్స్ గ్రాండ్ అన్నా. అయినా నిజమై ఉంటే ముందు ఇచ్చింది మనమే కదా.”

గ్రాండ్ అట! ఏం ఫర్వాలేదనడానికి ఇక్కడివాళ్లు వాడే మాట అది. వీడు తిరిగే గాలి పీల్చాలన్నా రోత పుట్టింది. అది డ్రిల్లు అని నేను గ్రూపులో రాస్తే ఒక్కరూ పలకలేదు. అన్నేసి దణ్ణాలు పెట్టిన చేతులు ఏమయ్యాయో!

మర్నాడు పొద్దున మేమక్కడ ఉండగానే ఇద్దరు గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, జయశ్రీ ఇంటికొచ్చారు. టోపీలు చేతిలో ఉన్నాయి. వెంకట్ దొరికాడనీ, ప్రాణం లేదనీ, ఆసుపత్రికి తీసుకెళ్లామనీ అందులో ఒకావిడ నెమ్మదిగా చెప్పింది. ఆవిడ కళ్లలోనే నీళ్లు తిరిగాయి.

జయశ్రీ ఏడవలేదు. గార్డులకు కుర్చీలు చూపించింది. టీ పెట్టమంటారా అని అడిగింది. వాళ్లు వద్దన్నారు. గిరిజ భుజం మీద చెయ్యి వేస్తే మెల్లగా తీసేసింది. నావైపు తిరిగింది.

“ఏడుపు రావట్లేదు అన్నయ్యగారూ. ఉన్నదంతా నిన్న ఆ బొమ్మకే ఏడ్చేశాను. ఇప్పుడు మా ఆయనకి ఏం మిగిలింది?”