నేను రాసుకోని వరసలు

ఆ పేటలో అడుగుపెట్టిన గంటలోనే నాకు ముగ్గురు బాబాయిలు, ఒక మేనత్త, ఇద్దరు బావలు తయారయ్యారు. నా పరిశోధనకు రక్తం ఇవ్వడానికి నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు కూడా అలాగే పిలుచుకుంటున్నారు. బస్సులో కాస్త జరిగి చోటిచ్చినవాణ్ణి సైతం అన్నయ్యను చేసేసే నోళ్ళు మనవి. ఇదీ అంతేలే అనుకుని, ఎనభైమంది పేర్ల పక్కన బంధుత్వం అనే గడిలో 'లేదు' అని చకచకా రాసుకుంటూ పోయాను.

మేనత్త వరసైన పెద్దావిడ తన ముందున్నామెను చూపించి, "ఈవిడ మా వియ్యపురాలు, ముందు ఆవిడకి తియ్యమ్మా" అంది. మర్యాదకి ఎవరినైనా వదినా అంటాం గానీ, వియ్యపురాలని అనం. విన్నాను. పెన్ను ఆగింది కూడా. కానీ నిజం అడిగితే సగంమందిని ఇంటికి పంపించాలి, మళ్ళీ ఇంకో పేట వెతుక్కోవాలి. 'లేదు' అనే రాశాను.

ఆ పేట బావినీళ్ళలో ఆర్సెనిక్ ఉంది. ఎన్నో తరాలుగా అవే తాగుతున్నారు. ఆ విషాన్ని తట్టుకునే జన్యువు ఉన్నవాళ్ళే ఎక్కువగా బతికి, దాన్ని పిల్లలకిచ్చి, పేటంతా నింపారా అన్నది నా ప్రశ్న. ఏ చుట్టరికమూ లేనివాళ్ళలో ఒకచోట పొడవాటి జన్యువుల ముక్క అచ్చంగా ఒకేలా ఉంటే, ప్రకృతే దాన్ని ఏరి పెట్టిందని అనుమానించవచ్చు. చుట్టాల్లో ఉంటే అందులో వింతేముంది? తాతగారి ముక్కు మనవడికి వచ్చినట్టే.

ముక్క అరవైమందిలో దొరికింది. చుట్టాలను ఏరేసే ప్రోగ్రాం నడిపితే పంతొమ్మిదిమందే మిగిలారు, ముక్కా మాయమైంది. చిన్న పేటలో అందరూ ఎంతోకొంత చుట్టాలే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, మరీ దగ్గరి చుట్టాలను మాత్రమే ఏరేసేలా ప్రోగ్రాం హద్దు సడలించాను. ముక్క తిరిగొచ్చింది. ఆ రోజు గాల్లో తేలిపోయాను. ఇప్పుడు తలచుకుంటే చచ్చేంత సిగ్గేస్తుంది. ఆ నీళ్ళు వాళ్ళ ఒంటికి పడతాయని వ్యాసం అచ్చు వేయించి, పత్రికవాళ్ళకు కూడా చెప్పాను, ఫొటోకి నవ్వుతూ.

ఏడాదికి వేరే ప్రయోగశాలవాళ్ళు నా లెక్కలు తిరగేసి మర్యాదగా ఉత్తరం రాశారు. నా ఎనభైమందిలో అరవై ఒక్కరు, తరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకుంటున్న రెండు కుటుంబాలవాళ్ళట. వ్యాసం వెనక్కి తీసుకున్నాను. తల కొట్టేసినట్టయింది, నిజమే. కానీ ఆ సిగ్గంతా నా పరువు గురించే. అసలు సిగ్గు ఇంకా ముందుంది.

ఆ పేటకు వేయాల్సిన మంచినీళ్ళ గొట్టం మరో చోటికి మళ్ళించారని తెలిసి ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఫైలులోంచి నా ఫొటో ఉన్న పత్రిక ముక్క తీసి బల్లమీద పెట్టాడు. తట్టుకోగలిగినవాళ్ళు ఆగొచ్చు, తట్టుకోలేనివాళ్ళకు ముందు ఇచ్చామన్నాడు. ఆయన మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను తప్పు చెప్పానని కాగితం రాసిచ్చాను. వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

పేటవాళ్ళకు ఈ మాట నేనే చెప్పాలి. కాళ్ళీడ్చుకుంటూ మొదట ఆ పెద్దావిడ ఇంటికే వెళ్ళాను. గడపలో ఏడాదిన్నర మనవరాలు గ్లాసు పట్టుకుని కూర్చుంది. తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మేము చుట్టాలమేనా అని అడిగితే చెప్పేవాళ్ళం కదమ్మా" అంది.

అడిగితే చెబుతారనే అడగలేదని ఎలా చెప్పను? తెలిసే 'లేదు' అని రాశానని మాత్రం అన్నాను. ఆవిడ పాపవైపు తిరిగింది.

"పుట్టినప్పటినుంచీ దీనికి రోడ్డవతలి కుళాయినీళ్ళే మోసుకొచ్చి పట్టేదాన్ని. నీ మాట పేపర్లో చదివి వినిపించారు. ఇక మోకాళ్ళకి ఆ బాధ తప్పిందని నీకు దణ్ణం పెట్టుకున్నాను. ఏడాదినుంచి బావినీళ్ళే పడుతున్నాను" అంది.

పాప చేతిలోంచి గ్లాసు లాక్కుని ముంగిట్లో ఒంపేసింది. పాప గొల్లుమంది. ఆవిడ గోడ పట్టుకుని లేచి, మూలనున్న క్యాను తీసుకుంది. నేను తెస్తానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"నేనొచ్చేదాకా చుక్క కూడా పట్టకు" అని చెప్పి, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి వెళ్ళింది.

పాప నీళ్ళు నీళ్ళంటూ కుండవైపు చేతులు చాపి ఏడుస్తూనే ఉంది. నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.