అయిదు శ్రుతి పెట్టె

హుసేనప్ప హార్మోనియం చచ్చిపోయింది. చెడిపోయిందనో పాతబడిందనో అనవచ్చు గానీ కల్లూరు నాటక సమాజం వాళ్లంతా చచ్చిపోయిందనే అన్నారు. పదహారేళ్లు వాళ్లతో పాటు ఎద్దులబండి ఎక్కి నందికొట్కూరు నుంచి ఆళ్లగడ్డ దాకా తిరిగిన పెట్టె అది. మొన్న ఓర్వకల్లులో నాటకం నడుస్తుండగా, సరిగ్గా రాజు వేషం చివరి పద్యం ముగింపులో, దాని గాలి ఊదే తోలు తిత్తి నిలువునా చీలింది. మిగతా నాటకం తబలా మీదే నెట్టుకొచ్చారు.

తిత్తిని ఎలుకలు కొరికి ఉంటాయని హుసేనప్ప అందరికీ చెప్పాడు. అది పచ్చి అబద్ధం. ఎలుకల పాపం అందులో రవ్వంత కూడా లేదు.

అసలు సంగతి నరసన్న గొంతు. నరసన్నకు కల్లూరులో ముప్పై ఎకరాల సేద్యం ఉంది, నాటకంలో రాజు వేషం ఉంది. ఈ రెంటిలో ఏది ముఖ్యమని అడిగితే సేద్యమని చెప్పేవాడు గానీ, జొన్న కోతల మధ్యలో నాటకం పడితే కోతే ఆగేది. మనిషి మంచివాడే. కాకపోతే ముప్పై ఏళ్లుగా రాజు వేషం కట్టి కట్టి బయట కూడా కొంచెం రాజులాగే తిరిగేవాడు. బండిలో సామాను ఎక్కించేటప్పుడు అందరూ తలో పెట్టె మోస్తే, ఆయన చేతులు వెనక కట్టుకొని నిలబడి ఎవరు ఏది మొయ్యాలో చెప్పేవాడు. ఎవరూ ఏమనేవాళ్లు కాదు, ఎందుకంటే ఆయన అయిదు శ్రుతిలో పాడేవాడు.

హార్మోనియం తెల్ల మెట్లను ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టి శ్రుతికి అంకె చెబుతారు, మధ్యలోని నల్ల మెట్లు అరలు. అంకె పెరిగే కొద్దీ గొంతు పైకి ఎక్కాలి. నాలుగుకే మంచి మంచి పాటగాళ్ల మెడ నరాలు తేలతాయి. అయిదులో పై షడ్జం, అంటే పై 'స', పట్టుకొని నిలబడేవాడు ఆ జిల్లాలో నరసన్న ఒక్కడే. పైగా ఆ వైపు నాటకాల్లో ఒక వింత అలవాటు ఉండేది. పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం వాయించేవాడు శ్రుతి మెట్టు మీద వేలు పెట్టి, పెట్టెను జనం వైపు కొంచెం వంచి చూపించాలి. ముందు వరసలోని పెద్దమనుషులు మెట్లు లెక్కపెట్టుకొని "అయిదు!" అని ఒకరితో ఒకరు అనుకొని తలలూపాలి. అలా తలలూపిన వాళ్లలో చెవి ఉన్నవాళ్లు ఎందరో చెప్పడం కష్టం, కళ్లు మాత్రం అందరికీ ఉండేవి.

అలాంటి నరసన్నకు యాభై దాటాక, రెండేళ్లుగా, పై షడ్జం దగ్గర గొంతు జీరపోతోంది. పగలడం లేదు, కానీ పగలడానికి దగ్గరగా వస్తోంది. అది మొదట విన్నది హుసేనప్ప. విన్న రోజునే అతని చెయ్యి దానంతటదే పని చేసింది. పెట్టె ముందున్న, శబ్దం పెంచే పిడులన్నీ లాగి, తిత్తిని బలం కొద్దీ ఊది, ఆ జీర మీద శబ్దం కుమ్మరించాడు. జనానికి తెలియలేదు. నరసన్నకూ తెలియలేదనే అతని నమ్మకం. అప్పటి నుంచి ప్రతి నాటకంలో అదే పని. రెండేళ్లు అలా ఊదితే తోలు తిత్తి ఎంతకని ఓర్చుకుంటుంది?

ఇప్పుడు కొత్త పెట్టె కావాలి. పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం శివరాత్రికి ఇంకా ఇరవై రోజులే ఉంది. పండగ మరునాడు పగటిపూట మహానందిలో పద్యాల సభ. జిల్లాలోని సమాజాలన్నీ వచ్చి తలో పద్యం పాడాలి. దీపాల వెలుగులో, వేషాల హడావుడిలో దాచినట్టు అక్కడ ఏదీ దాచలేరు.

"నీ చెవి, నీ ఇష్టం, నీకు నచ్చింది తెచ్చుకోప్పా" అన్నాడు నరసన్న. "అయిదులో గంట మోగినట్ల మోగల్ల, అంతే. ఇంగోటి చెప్తాండా విను. గొంతు పగిలిన దినం ఆ కిరీటం గూట్లో పెట్టేస్తా. మల్లా ముట్టను."

ఆ మాట హుసేనప్ప గుండెలో ముల్లులా గుచ్చుకుంది. నరసన్న పద్యం లేని నాటకం అతను ఊహించుకోలేడు. ఆ పద్యం లేకపోతే తను దేనికి వాయించాలో కూడా అతనికి తెలియదు.

కర్నూలులో హార్మోనియాలు చేసేవాడు ఏసన్న ఒక్కడే. పాడైన చర్చి హార్మోనియాలు బాగుచేస్తూ పని నేర్చుకున్న వడ్రంగి. మాట తక్కువ, ముక్కుపొడుం ఎక్కువ. హుసేనప్ప వెళ్లేసరికి అమ్మకానికి రెండు పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి.

మొదటిది నునుపు టేకుది. మూలలకు ఇత్తడి బిళ్లలు, ముందు పూలు చెక్కిన పలక, లోపల మూడు వరసల రీడ్లు, అంటే గాలికి పలికే ఇత్తడి రేకులు. హుసేనప్ప మెట్టు నొక్కాడో లేదో వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. దీనితో నరసన్న గొంతునే కాదు, నాటకం మొత్తాన్ని కప్పేయవచ్చు.

రెండోది చూస్తే కొనబుద్ధి కాదు. గీతలు పడిన చెక్క, ఒక మెట్టు తెలుపు, పక్కది పసుపు. హుసేనప్ప మర్యాదకోసం దాన్ని కూడా పరీక్ష చేశాడు. మెట్లన్నీ వదిలి తిత్తి నిండా గాలి పట్టి, తగ్గడానికి ఎంత సేపు పడుతుందో చూశాడు. చాలా సేపు నిలబడింది. తర్వాత గాలి దాదాపు లేకుండా, ఊపిరి విడిచినంత మెల్లగా ఊది, అన్నిటికన్నా కింది మెట్టు నొక్కాడు. మొద్దు రీడ్లయితే అంత చిన్న గాలికి పలకవు. ఇది వెంటనే పలికింది. మెత్తగా, గుండ్రంగా పలికింది.

"ఇవి ఏం రీడ్లు ఏసన్నా?"

"పాత చర్చి పెట్టెవి. పెట్టెను చెదలు తిన్యాయి. రీడ్లు మాత్రం బంగారం. పెట్టె అందం చూసి ఎత్తుకోగాకు హుసేనప్పా, రీడు విని ఎత్తుకో."

"బాగుండాయి గానీ సప్పుడు తక్కువ గదప్పా."

"సప్పుడు ఏంటికి? పాడేది నువ్వా, నరసన్నా?" అని ఏసన్న ముక్కుపొడుం పీల్చాడు.

ఇత్తడి మూలల పెట్టెనే రేపు పట్టుకుపోతానని చెప్పి హుసేనప్ప ఇల్లు చేరాడు. సాయంత్రం అన్నం తింటూ భార్య గుల్షన్ బీకి ఆ పెట్టె సంగతి తెగ పొగిడి చెప్పాడు. ఆమె రొట్టె కాలుస్తూ అంతా విని, చివరికి ఒక్క మాట అంది.

"అంత సప్పుడైతే నేను రాను నాటకానికి. ఆ నరసన్న పద్యం విని రెండేండ్లయింది."

"పోయిన నెల నందికొట్కూరులో వినింటివి గదా?"

"యాడ వింటి? నీ పెట్టె వింటి. ఆయన్న నోరు తెరిచి నిలబడిండేది కనపడతాది, వినపడేదంతా నీ పెట్టె. పోయిన యేడు గూడా అంతే. ఆయన్నతో ఏమన్నా కొట్లాడినావేమో అనుకుంటి."

స్నేహితుడిని కాపాడుతున్నానని హుసేనప్ప రెండేళ్లు లోలోపల మురిసిపోయాడు. తీరా చూస్తే, జిల్లాలో అంత గొప్ప గొంతును ఎవరికీ వినపడకుండా చేసినవాడు తనేనా! సిగ్గేసింది. అన్నం వదిలేసి బయట నాపరాతి అరుగు మీద కూర్చున్నాడు. గొంతును కప్పకూడదు. గొంతు పగలకూడదు. అయిదో మెట్టు తప్పకూడదు. ఈ మూడూ ఒక్కచోట ఎలా కుదురుతాయో ఎంత ఆలోచించినా తేలలేదు. చివరికి ఏసన్న చెప్పిన రీడ్ల మాట గుర్తుకొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది.

మరుసటి పొద్దున్నే ఏసన్న కొట్టు తలుపు తీయకముందే అక్కడ నిలబడ్డాడు.

"ఆ పాత రీడ్ల పెట్టే కావాల. కానీ ఒక పని చెయ్యల్లప్పా. ఒక్కో రీడునూ తీసి దాని కుడిపక్క మెట్టు కిందికి జరపల్ల."

ఏసన్న పొడుం డబ్బా మూసేశాడు. "అట్ల చేస్తే అయిదు నొక్కితే నాలుగున్నర పలుకుతాది."

"అదే కావాల్సింది."

"మోసం కాదా అది?"

"జనం చూసేది మెట్టును. మెట్టు అయిదోదే ఉంటాది. ఇంగ యాడుండాది మోసం?" అన్నాడు హుసేనప్ప. ఆ వాదన అతనికే అంత గట్టిగా అనిపించలేదు. అందుకని గొంతు తగ్గించి నిజం చెప్పాడు. "అర మెట్టు దిగితే పాడతాడు ఏసన్నా. ఇంగా పదేండ్లు పాడతాడు. దించుకోమని నేను చెప్పల్యాను, ఆయప్ప అడగల్యాడు."

ఏసన్న లేచి, చర్చి పెట్టె నుంచి తీసిన రీడ్ల మూట విప్పి వెతకడం మొదలుపెట్టాడు. అన్నీ కుడికి జరిగితే ఎడమ చివరి మెట్టు ఖాళీ అవుతుంది, దానికి ఇంకో లావు రీడు కావాలి. "వారం పడతాది" అని మాత్రం అన్నాడు.

పెట్టె కల్లూరు చేరింది. దాన్ని చూసి సమాజం వాళ్ల మొహాలు మాడిపోయాయి. "చూసేదానికి శానా బీదగా ఉండాదే" అన్నాడు నరసన్న. రిహార్సలు మొదలైంది. అక్కడ హుసేనప్ప ఊహించని చిక్కు ఒకటి వచ్చిపడింది. తబలా తిమ్మయ్య పెట్టె శ్రుతికి తబలా కలపబోయాడు. పదహారేళ్లుగా ఒకే శ్రుతిలో ఉన్న తబలా కలవలేదు. సుత్తితో కింది నుంచి పైకి కొట్టి దించాడు. ఇంకా దించాడు. అప్పుడు సుత్తి ఆపి, హుసేనప్ప మొహంలోకి తేరిపార చూశాడు. హుసేనప్ప మెట్ల మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

"ఏమప్పా తిమ్మయ్యా, ఏమైంది?" అని నరసన్న అడిగాడు.

తిమ్మయ్య నిదానంగా సుత్తి ఎత్తాడు. "ఏం ల్యా. ఎండకు తోలు బిగుసుకున్యాది" అని ఇంకో దెబ్బ వేశాడు. నరసన్న ఆ రోజు గొంతు దాచుకుంటున్నానని పద్యాన్ని కింద కిందనే పాడి ముగించాడు.

మహానంది సభ రోజు మధ్యాహ్నం పందిరి కిక్కిరిసింది. కల్లూరు వంతు రాగానే హుసేనప్ప అయిదో మెట్టు మీద వేలు పెట్టి పెట్టెను వంచి చూపించాడు. "అయిదు!" అని ముందు వరస తలలూపింది. పెట్టె బీదతనం చూసి పక్క సమాజం వాళ్లు ముసిముసిగా నవ్వారు. నరసన్న పద్యం ఎత్తుకున్నాడు.

మొదటి పాదం, రెండో పాదం తేలిగ్గా నడిచాయి. మూడో పాదంలో మెట్టు మెట్టుగా ఎక్కాడు. నాలుగో పాదం చివర పై షడ్జం వస్తుంది. హుసేనప్ప చెయ్యి పిడుల వైపు పోబోయింది, రెండేళ్ల అలవాటు కదా. బలవంతాన ఆపాడు. అంతటితో ఆగక, రాగం పలికించే చేతిని మెట్ల మీద నుంచి పూర్తిగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కింది శ్రుతి మెట్టు నొక్కి ఉండేలా ఒక చీల బిగించి ఉంది, ఎడమ చేత్తో మెల్లగా ఊదుతుంటే అదొక్కటే పలుకుతోంది. నరసన్న పై షడ్జం అందుకున్నాడు. గొంతులో జీర లేదు. నిండుగా, తేటగా నిలబడింది. ఎంత సేపు నిలబడిందో హుసేనప్పకు తెలియదు, అతని కళ్ల నిండా నీళ్లు. తర్వాత పందిరి "వన్స్‌మోర్" అని హోరెత్తింది. నరసన్న మళ్లీ పాడాడు. మళ్లీ అంతే నిలబడింది.

సభ ముగిశాక ఇద్దరూ అరటి తోటల్లోకి పారే కాలువ దగ్గర మొహాలు కడుక్కున్నారు. నరసన్న కండువాతో మెడ తుడుచుకుంటూ, నీళ్ల వైపే చూస్తూ అడిగాడు.

"అయిదు నొక్కితే నాలుగున్నర పలికే పెట్టె ఏసన్న దగ్గర యాడ దొరికిందప్పా?"

హుసేనప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎప్పుడు తెలిసిందప్పా?"

"రిహార్సల్ దినమే. తిమ్మయ్య అంతగా దించుతాంటే నాకు చెవుల్యావా?"

"మరి ఏమీ అనకపోతివే."

"ఏమని అనేది? దించమని నేనే అడుగుదామని రెండేండ్ల నుంచి అనుకుంటాండా. నోరు రాల్యా. అయిదు నరసన్న అని పేరు పెట్టుకొని కూచుంటి గదా."

"కోపమొచ్చిందా?"

"దించినందుకు రాల్యా. ముందు నుంచి నా గొంతు మూస్తాంటివే, దానికి వచ్చింది." నరసన్న అప్పుడు తిరిగి చూశాడు. "నేను పైకి పోయినప్పుడల్లా నువ్వు పిడులు లాగుతాంటివి. తెలీదనుకుంటివా? ఇంగ నా గొంతు మీద హుసేనప్పకే నమ్మకం పోయిందే, ఇంగెవురికి ఉంటాదిలే అనుకుంటి. ఈ పొద్దు మెట్ల మీది నుంచి నీ చెయ్యి లేచింది చూడు, అది చూసినా. నా గొంతు నాకు వినపడి రెండేండ్లయిందప్పా."

నరసన్న కండువాను చుట్టగా చుట్టి భుజం మీద వేసుకొని, వంగి, హార్మోనియం పెట్టెను తనే ఎత్తి ఆ భుజం మీద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క సామాను మోసింది లేదు. అవతల బండి దగ్గర తాళ్లు బిగిస్తున్న తిమ్మయ్య ఆ దృశ్యం చూసి, పని ఆపి నోరు తెరిచాడు.

"పైలం అప్పా, తిత్తి కొత్తది" అన్నాడు హుసేనప్ప వెనకాలే పరుగెడుతూ.

"నాకు తెల్సులే" అన్నాడు నరసన్న, పెట్టెను రెండు చేతులా పట్టుకొని గట్టు మీద నిదానంగా నడుస్తూ. "ఇంగో అర మెట్టు దించాల్సి వస్తే మాత్రం ఈసారి నేనే చెప్తా."