కుందూలో కలిసేలోపు

తెల్లారి బర్రెకు జొన్నచొప్ప వేసి, సద్ది కట్టుకొని చేనికి పోవడం సోమక్కకు ముప్పై ఏళ్ల అలవాటు. ఉన్నది ఎకరం నల్లరేగడి, తాబేటివంక గట్టునే. ఈసారి శనగ వేసింది.

తాబేటివంక ఎర్రమల కొండల్లో పుట్టి, ఆమె చేని పక్కగా పోయి, పది కిలోమీటర్ల కింద కోయిలకుంట్ల దాపున కుందూ నదిలో కలుస్తుంది. దాని నడక రోజుకు రెండు మూరలు. ఎంత వాన కురిసినా పక్కలకు పరుచుకుంటుందే గానీ తొందరపడదు. గట్టున పలికిన మాట ఆ పూట నీళ్లతోనే కదిలిపోతుంది. అందుకే ఆ పల్లెల్లో మొగుడూ పెళ్లాలు కొట్లాట ఇంట్లోనే తీర్చుకొని వంకకు వస్తారు. లేకుంటే కింది ఊర్లవాళ్లు ఏళ్ల తరబడి వినాలి.

ఆ ఉదయం గ్రామ సర్వేయరు మహిమ చేనిలో నిలబడి ఉంది. పాతికేళ్ల పిల్ల. ముఖం దిగాలుగా ఉంది.

"పెద్దమ్మా, రీసర్వేలో నీ చేను వంక పోరంబోకులో, సర్కారు భూమిలో పడింది. గట్టు నుంచి కొలిస్తే అట్లే వస్తాంది."

"వంక ఇట్లా జరిగింది పాపా. మాకు పట్టా ఇచ్చిన నాడు అది ఆ తుమ్మల అవతల ఉండె."

"అప్పుడు కొలత యాడ మొదలుపెట్టినారో తెలిస్తే సరిచేస్తా. నీ కాగితంలో ఆ ముక్కే చెదలు తినింది. ఆఫీసులోనూ లేదు. సరిచేయడానికి రేపే ఆఖరు."

కొలిచిన రోజు సోమక్క అక్కడ లేదు. మూడు రోజుల పసిబిడ్డతో పుట్టింట్లో ఉంది. కొలత గొలుసు పట్టుకున్నది ఆమె భర్త ఏసేపు. ఆయన పోయి ఆరేళ్లయింది.

కొడుకు పుట్టిన తేదీ చెప్పించుకొని మహిమ ఫోనులో లెక్క వేసింది. "ఆ నాటి నీళ్లు ఇప్పుడు కుందూలో కలిసే కాడ ఉంటాయి. రేపు పొద్దుటికి కలిసిపోతాయి."

కుందూ ఉరుకుతుంది. దాంట్లో పడిన మాటను మళ్లీ విన్నవాళ్లు లేరు.

"పా మరి," అంది సోమక్క.

గట్టెంబడి బండి పోదు. ఇద్దరూ నడిచారు. కరోనా ఏడాది నీళ్లలో మాటే లేదు, ఎవరో ఒకాయన బర్రెను అదిలించడం తప్ప. ఆ తర్వాతి మలుపులో దగ్గు వినబడింది. సోమక్క చెంగు చెవులకు చుట్టుకొని నీళ్లకు దూరంగా జరిగింది. అక్కడి నుంచి కిందికి ప్రతి మలుపులోనూ ఏసేపు ఉంటాడని ఆమెకు తెలుసు. వింటే అక్కడే కూర్చుండిపోతానని, మళ్లీ చేనికి పోలేనని భయపడి, ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఈ దిక్కుకు రాలేదు.

కుందూ పొంగిన ఏడాది నీళ్ల దగ్గర మహిమ, మిద్దెల మీది నుంచి ఒకరినొకరు పిలుచుకుంటున్న జనాన్ని వింటూ కాసేపు ఆగింది.

మధ్యాహ్నానికి వంక మూతి చేరారు. మహిమ నీళ్ల మీదికి వంగి, అంగుళం అంగుళం వెతికింది. ఇనుప గొలుసు గలగలమంది. సోమక్క చెంగు తీసేసింది.

"రాసుకో అప్పా," అంటోంది ఎవరో ఆఫీసరు గొంతు. "గుట్ట కింది బాణం గుర్తు రాయి నుంచి గట్టు దాకా ఆరు గొలుసులు, నలభై లింకులు."

మహిమ గబగబా ఫారంలో వంక సాక్ష్యం గడి నింపింది. గట్టు ఎటు జరిగినా రాయి కదలదు. చేను నిలబడింది.

నీళ్లు ఇంకా మాట్లాడుతున్నాయి.

"పేరు చెప్పు."

"సోమక్క అని రాయండి సార్." ఏసేపు గొంతు. దగ్గు లేని, పడుచు గొంతు.

"అది నీ పేరా?"

"నా పెండ్లాం పేరు సార్. చేనంటే ఆమెకు శానా ఇష్టం. ఆమె పేరే రాయండి."

"ఆడమనిషికి పట్టా యాడన్నా ఇస్తారా? ఏసేపు అని రాయప్పా."

ఏసేపు ఇంకోసారి అడిగాడు. ఎవరో నవ్వారు. గొలుసు చుట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. ఈ సంగతి ఆయన ఇంటికొచ్చి ఎన్నడూ చెప్పలేదు.

మహిమ ఫారంలో కింది గడి చూపించింది.

"పట్టాదారు పేరు మార్చాల పెద్దమ్మా. ఎవరిది రాయమంటావు?"

మంగంపేట గనుల్లో పనిచేసే కొడుకు యేసుప్రసాద్ పేరు రాయించాలని ఆమె ఎప్పుడో అనుకుంది.

"సోమక్క," అంది. "సోమక్క, భర్త ఏసేపు. అట్లా రాయి."

మహిమ రాసి, సంతకం పెట్టించుకుంది. సాయంత్రంలోగా కోయిలకుంట్ల ఆఫీసులో ఇచ్చేయాలని రోడ్డు మీద ఆటో ఆపింది.

"రా పెద్దమ్మా, బస్టాండులో దింపుతా."

"నువ్వు పో పాపా. నేను గట్టెంబడి పోతా."

"పది కిలోమీటర్లు ఒక్కదానివే ఎట్లా నడుస్తావు?"

"ఒక్కదాన్నే యాడ?" అంది సోమక్క, వంక వైపు తిరిగి. "ఆయన మాట్లాడతానే ఉంటాడు గదా."