ఏసీ ఆపిన గదిలో స్ఫటికం

జెస్సీ కాలుగాలిన పిల్లిలా ల్యాబ్‌లో ఈ గోడకూ ఆ గోడకూ తిరుగుతోంది. గుంటూరులో మే నెల మధ్యాహ్నం, కిటికీలోంచి మిర్చి యార్డు ఘాటు వస్తోంది. తుమ్ములొస్తున్నా ఆమె పట్టించుకోవడం లేదు.

నికెల్, క్రోమియం, కాస్త రాగి కలిసిన అయస్కాంత ఆక్సైడ్‌ను ఏడాదిపాటు కొలిమితో తంటాలు పడి స్ఫటికంగా పెంచింది. జొన్నగింజంత ఉంటుంది. అలాంటిది ఇంకోటి లేదు. జనవరిలో ఎక్స్‌రే తీస్తే లోపల పరమాణువుల గడి ఒక పక్కకు సాగి కనిపించింది. మొన్న తీస్తే ఆ గడి అన్ని వైపులా సమానంగా, చక్కని ఘనాకారంలో ఉంది. పీహెచ్‌డీ గైడ్ మాధురి గారికి అనుమానం పట్టుకుంది.

"నిప్పు లేనిదే పొగ రాదు జెస్సీ. జనవరి లెక్కలు దిద్దావా, రాయి మార్చావా? సాయంత్రంలోగా చెప్పు. లేదంటే జర్నల్‌కు పంపిన పేపరు వెనక్కి తీసుకుని విచారణ కమిటీకి రాస్తాను," అన్నారు పొద్దున.

ప్రత్తిపాడు చర్చి బడి పంతులమ్మ కూతురు జెస్సీ. తిట్టినా పడేది గానీ, దొంగలెక్క అన్న మాట ఆమెకు మింగుడు పడలేదు. ఏడుపు వస్తోంది, కోపమూ వస్తోంది.

లోపలి సంగతి ఆమెకు కంఠతా వచ్చు. వేడిలో నికెల్ చుట్టూ ఎలక్ట్రాన్ల మబ్బులు తలో దిక్కుకూ తిరుగుతుంటాయి, గడి ఘనంగా ఉంటుంది. చల్లబడితే అవన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి, గడి అటు సాగుతుంది. అయితే ఈ మార్పు మరిగే నీళ్లంత వేడి దగ్గర వస్తుందని అందరి లెక్క. గది వేడి దాన్నేం చేస్తుంది?

"బాజీ గారూ, మొన్న మెషిన్ వేసినప్పుడు ఏసీ ఉందా?"

ఎక్స్‌రే మెషిన్ నడిపే బాజీ మెడ తుడుచుకున్నాడు. "ఎక్కడమ్మా! ఎండాకాలం వోల్టేజీ పడిపోద్ది కదా, మెషిన్ ఆగకూడదని ఏసీ కట్టేస్తాం. మీరే కట్టెయ్యమన్నారుగా!"

జెస్సీ నెత్తి కొట్టుకుంది. ఏటా అందరూ చేసే పనే, ఎవరూ దాన్ని రాసుకోరు. మొన్న గది నలభై డిగ్రీలు దాటింది. జనవరిలో పాతిక. మార్పు ఆ మధ్యలోనే ఉంది!

మాధురి గారిని పిలిచి చెప్పింది. ఆవిడ పెదవి విరిచారు. "మాటలు ఎవరైనా చెప్తారు."

"చల్లార్చి చూపిస్తానండి."

బాజీ భూతద్దంలో రాయిని చూసి తల అడ్డంగా ఊపాడు. "సన్నటి బీట ఉందమ్మా. ఇంకోసారి సాగితే పగులుద్ది."

జెస్సీ మాధురి గారి వైపు చూసింది. వద్దన్న మాట ఆవిడ నోట రాలేదు.

"వెయ్యండి బాజీ గారూ," అంది.

పొద్దు వాలాక వోల్టేజీ నిలబడింది. ఏసీ, మెషిన్ రెండూ నడిచాయి. గది మెల్లగా చల్లబడింది. తెర మీది ఒంటి ఎక్స్‌రే గీత లావెక్కి, మసకబారి, రెండుగా విడిపోయింది. గడి మళ్లీ సాగిందనడానికి అదే గుర్తు.

"అబ్బ! ఇంత తక్కువ వేడిలోనా? ఇది కొత్త సంగతమ్మా!" మాధురి గారు కుర్చీలోంచి లేచిపోయారు. "దీని మీద రాసే కొత్త పేపరులో మొదటి పేరు నీదే!"

బాజీ మెషిన్ ఆపి, మూత తీశాడు. స్ఫటికం రెండు ముక్కలై ఉంది.

"అయ్యో, ఇంతదాకా ఎందుకు తెచ్చుకున్నావ్? నేను నమ్మేదాన్ని కదా!" అన్నారు మాధురి గారు.

జెస్సీ ముక్కలను కాగితంలోకి ఏరుకుంది.

"మీరు నమ్మింది మెషిన్‌నండి. నన్ను కాదు."