రాళ్ళ హాజరు

తెల్లవారితే బర్మాలోని సేక్కాన్ రేవులో మొదట వినిపించేది గురునాథం గుమస్తా గొంతు. కూలీల బారక్ ముందు, నీళ్ళ కుళాయి పక్కన, బల్ల ఎక్కి హాజరు పట్టీ చదివేవాడు. పేరు పిలవగానే మనిషి "ఉన్నాను" అనాలి. అన్నవాడికి ఆ రోజు పని, ఆ పూట అన్నం. గురునాథానికి పొడిదగ్గు. దగ్గులో కొట్టుకుపోయే పేర్లవాళ్ళు కాస్త చెవులు రిక్కించుకుని నిలబడేవారు.

"అచ్చన్న" అని పిలిస్తే జోగి "ఉన్నాను" అనేవాడు.

పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. కళింగపట్నంలో బర్మా వెళ్ళే రంగం ఓడ ఎక్కాల్సిన అచ్చన్న అనే మనిషి, ఒడ్డున వాళ్ళమ్మ ఏడుస్తోందని తిరిగి ఇంటికి పోయాడు. ఢిల్లేశ్వరరావు మేస్త్రీకి తలకాయలు సరిపోవాలి. సంతలో ఆకలితో చతికిలబడి ఉన్న సవర మనిషి కనిపిస్తే రెక్క పట్టుకుని ఓడెక్కించాడు. పట్టీలో పేరు మార్చడానికి బద్ధకించి, సవరోడికి ఏ పేరైతేనేం అన్నాడు. ఆ సవర మనిషే జోగి. అప్పటినుంచి మూటలతోపాటు ఇంకొకరి పేరు కూడా మోస్తున్నాడు.

సముద్రం దాటితే కులం పోతుందని భయపడ్డ పెద్దలు ఊరికే భయపడ్డారు. అది కూలీలతోపాటే పదిలంగా ఓడ దిగింది. అందరూ ఒకే నూకల గంజి తాగేవాళ్ళే, ఒకే చాపల మీద వంతులేసుకుని పడుకునేవాళ్ళే. అయినా కుళాయి దగ్గర జోగి ఆఖరివాడు. అందరి కుండలూ నిండాక, ఎవరైనా దయతలిచి తిప్పితే, దోసిలి పట్టాలి. పడక మురిక్కాలువ పక్కన. దానికీ అతను పేచీ పెట్టలేదు. కాలువ అవతలి ఖాళీ జాగా అతనికి కావాలి, రాళ్ళు అక్కడే ఉన్నాయి.

బియ్యం కోసం ఖాళీగా వచ్చే ఓడలు తూలిపోకుండా అడుగున బరువుకి రాళ్ళు పోసుకొస్తాయి. బియ్యం ఎక్కించే ముందు వాటిని రేవులో దింపేస్తారు. ఏ దేశపు రాళ్ళో దించినవాళ్ళకీ తెలియదు. జోగి వచ్చిన ఏడాదే, పక్క చాప గోవిందు ఓడ కడుపులో బస్తాల కింద పడి చనిపోయాడు. సవర కొండల్లో మనిషి పోతే అతని పేరున రాయి నిలబెడతారు. దున్నను కోస్తారు, కల్లు పోస్తారు, అన్నం పెడతారు. జోగికి దున్న ఎక్కడిది? ఒండ్రుమట్టితో చిన్న దున్నను చేసి, ఓడ దింపిన రాళ్ళలోంచి నిలువుపాటిది ఒకటి ఎంచి పాతి, గోవిందు పేరు దానికి చెప్పాడు.

వారం తిరగకుండానే గురునాథం పొరపాటున పాత పట్టీ తీసి "గోవిందు" అని పిలిచాడు. కాలువ అవతలనుంచి రాయి "ఉన్నాను" అంది. గురునాథం అలవాటుకొద్దీ గీత పెట్టి, తరవాత గుర్తొచ్చి కొట్టేశాడు. అప్పటినుంచి పోయినవాళ్ళ పేర్లు వెంటనే తీసేయడం నేర్చుకున్నాడు. ఎప్పుడైనా మరిచిపోతే మధ్యాహ్నం ఒక మనిషి అన్నం ఎక్కువ వండేవారు. దానిమీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

జ్వరమొచ్చి పక్కమీద పోయినవాళ్ళ రాళ్ళు పలికేవి కావు. పనిలో పోయినవాళ్ళవే పలికేవి. వాళ్ళ పని సగంలో ఆగిపోయింది కదా, అందుకేనని జోగి చెప్పాడు. అందరికీ అది సబబుగానే తోచింది. కుళాయి ముట్టుకోనివ్వని వాళ్ళే, అన్నో తమ్ముడో పోతే, అతని దగ్గరికొచ్చి గొంతుక్కూచుని, మావోడికి కూడా ఓ రాయి పాతు మావా అని నసిగేవారు. జోగి ఎవరినీ కాదనలేదు. అలా పద్దెనిమిది రాళ్ళయ్యాయి.

బస్తా మోస్తున్నప్పుడు మాట్లాడ్డానికి ఉండదు కాబట్టి జోగి ఆలోచించుకునేవాడు. కొండమీద ఆకలికి ఒక రుతువు ఉండేది. ఆ నెలల్లో మామిడి టెంకలు దంచి అంబలి కాచుకుంటే గడిచిపోయేది. తరవాత అడవి జవాను వచ్చి, ఈ కొండ మీది కాదన్నాడు. జోగి తన తాత కట్టిన రాతి గట్లు చూపించాడు, ఒక్కో మడిలోంచి కింది మడిలోకి నీళ్ళు దిగే దారి చూపించాడు. జవాను కాగితం చూపించమన్నాడు. ఇక్కడ పొద్దస్తమానం బియ్యం కిందే ఉంటాడు, ఆకలి మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. అదీ ఓర్చుకోవచ్చు. రేపు తను పోతే తనకి రాయి పాతేవాడెవడు? పాతినా, దానికి ఏ పేరు చెప్తారు? అచ్చన్న అని పిలిస్తే ఆ రాయి పలకదు. జోగి అని పిలిచేవాడు లేడు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడు బస్తా బరువు రెట్టింపయ్యేది.

నిజానికి ఒకరున్నారు. అదే బారక్‌లోని సన్యాసి అనే కూలీ పెళ్ళాం తిన్ తిన్. బర్మా మనిషి. రేవుకి బజ్జీలు అమ్ముకోవడానికి వచ్చి, సన్యాసి నవ్వుకి పడిపోయి, ఏడేళ్ళుగా ఇదే బారక్‌లో గోనెపట్టా అడ్డుకట్టిన మూలగదిలో కాపురం చేస్తోంది. ఆమె వాళ్ళు కలావాణ్ణి, అంటే ఇండియావాణ్ణి, కట్టుకుందని మాట మానేశారు, మనవాళ్ళు మన మనిషి కాదన్నారు. ఆమె మొదటిరోజే జోగిని అసలు పేరేమిటని అడిగింది. అప్పటినుంచి "కో జోగీ" అనే పిలిచేది. అన్నయ్యా అన్నట్టు. అతనూ బర్మావాళ్ళ తీరునే ఆమెను "మా తిన్" అనేవాడు, చెల్లీ అన్నట్టు. కూతురు చిన్నతల్లికి ఆరేళ్ళు.

సన్యాసి హాజరు చెప్పే తీరు రేవంతా తెలుసు. ఊరికే ఉన్నాను అనేవాడు కాదు. "ఉన్నాను బావూ, ఎక్కడికెల్తాను" అనేవాడు. రోజూ అదే మాట, రోజూ ఎవడో ఒకడు నవ్వేవాడు.

పంతొమ్మిది వందల ఇరవయ్యారో సంవత్సరం వానలు ఎత్తగానే ఒకరోజు, ఒడ్డునుంచి ఓడమీదికి వేసిన చెక్క విరిగి, నెత్తిన బస్తాతో సన్యాసి నీళ్ళలోకి పోయాడు, మళ్ళీ తేలలేదు. ఆ చెక్క పుచ్చిందని కూలీలు మేస్త్రీకి మూడుసార్లు చెప్పారు. వెనకనే ఉన్న జోగి కళ్ళారా చూశాడు. చూసినవాళ్ళు ఇంకో ఇరవైమంది ఉన్నారు.

పనిలో పోయినవాడి పెళ్ళాంబిడ్డల్ని బారక్‌లోంచి వెళ్ళగొట్టకూడదు, ఆమెకి గోతాలు కుట్టే చావిడిలో పనివ్వాలి. ఈ షరతు రెండేళ్ళ కిందట కూలీలు పోట్లాడి రాయించుకున్నారు. కానీ సన్యాసి పనిలో పోయాడని ఒప్పుకుంటే చెక్క సంగతి బయటపడుతుంది. ఢిల్లేశ్వరరావు ఆ రోజు పట్టీలో సన్యాసి పేరు కొట్టేయించాడు. వాడు పనికే రాలేదనీ, తాగి రేవులో పడ్డాడనీ చెప్పాడు. చూసిన ఇరవైమందీ నేల చూశారు. తిన్ తిన్‌కి గది ఖాళీ చెయ్యడానికి వారం గడువిచ్చారు.

తిన్ తిన్ ఏడుస్తూ కూర్చోలేదు. కూతుర్ని చంకనేసుకుని రేవు ఆఫీసు మెట్లమీద మూడు రోజులు కూచుంది. నాలుగోరోజు ఒక దొర బయటికొచ్చి, మంగళవారం నేనే వచ్చి విచారిస్తానన్నాడు.

మేస్త్రీ జోగిని పిలిచి, సన్యాసికి రాయి పాతావంటే నీ చాప కాలవలో ఉంటుందని చెప్పాడు. జోగి తలూపాడు. ఆదివారం మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే, పంతొమ్మిదో రాయి పాతాడు. మట్టి దున్నను చేశాడు, కల్లు పోశాడు, ఎప్పటిలాగే తన వంతు గంజిలోంచి తీసి పెట్టాడు.

సోమవారం హాజరప్పుడు గురునాథం దగ్గు అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి, కొట్టేసిన పేరే అయినా రాయి ఏమంటుందో చూద్దామని "సన్యాసి" అన్నాడు. రాయి పలకలేదు. మళ్ళీ పిలిచాడు. కాలువలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఢిల్లేశ్వరరావు నవ్వాడు. "ఇనుకున్నారా? పనిలో పోయుంటే పలకడేటి?" అన్నాడు. కూలీల్లో కొందరికి ప్రాణం తేలికపడింది. రాయే పలకనప్పుడు తాము పలకకపోవడం తప్పెలా అవుతుందనుకున్నారు. జోగి బస్తా ఎత్తుకున్నాడు. తను తిన్ తిన్‌కి సాయం చేద్దామని పాతిన రాయే ఆమె కొంప ముంచింది. చూసిన కళ్ళు తనవే, మరి రాయి ఎందుకు పలకదు? ఆ పూట బస్తాలు మోస్తూ ఎన్నిసార్లు ఆలోచించుకున్నా తెలియలేదు.

మధ్యాహ్నం తిన్ తిన్ అరిటాకు పొట్లం తెచ్చి అతని ముందు పెట్టింది. చెయ్యి ఊరుకోక ఇద్దరికి వండేశాననీ, తినమనీ అంది. గోంగూరలో ఎండురొయ్యలు వేసి వేయించిన కూర. సన్యాసికి ప్రాణం. గోంగూర తన ఊరిదని ఆయనా, తమదని ఆమే ఏడేళ్ళు కీచులాడుకున్నారు.

జోగి పొట్లం విప్పి, అలాగే ఆగిపోయాడు.

పద్నాలుగేళ్ళుగా దిక్కులేనివాళ్ళకి పెట్టీ పెట్టీ, అందరికీ తనే చుట్టమైపోవడం అలవాటై, కొండలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి మరిచిపోయాడు. పోయినవాడికి సొంతమనుషులుంటే వాళ్ళ చేతి అన్నమే పెట్టాలి. పరాయి చేతి ముద్ద ముట్టడు, ముట్టనివాడు పలకడు.

"మా తిన్, నాదే తప్పు," అన్నాడు. "ఆడు ఆకలితో ఉన్నాడు. నువ్వు పెట్టాల."

ఆమె లేచింది. పొట్లం తీసుకుని కాలువ దాటి, రాయి ముందు పరిచి, పక్కన కూచుని, ఇంట్లో మాట్లాడినట్టే సగం బర్మా భాషలో సగం తెలుగులో చాలాసేపు ఏదో చెప్పింది. చిన్నతల్లి రాయికి తన చేత్తో ఒక రొయ్య పెట్టింది.

మంగళవారం దొర వచ్చాడు. రేవుల్లో ముదిరిన మనిషి, ఇలాంటి రాళ్ళు మరి రెండు రేవుల్లో చూసినవాడు. ఢిల్లేశ్వరరావే ఉత్సాహపడి, కొట్టేసిన పేరుతో సహా పట్టీ చదివించండి బాబూ, ఆ రాయి పలకదు అన్నాడు.

గురునాథం చదవడం మొదలుపెట్టాడు. ఆ రోజు అతనికి దగ్గు రాలేదు. "సన్యాసి" అన్నాడు.

"ఉన్నాను బావూ, ఎక్కడికెల్తాను."

అదే గొంతు. అలవాటుకొద్దీ ఎవడో నవ్వి, ఆ నవ్వు ఏడుపైపోయి మొహం కప్పుకున్నాడు. తిన్ తిన్ కళ్ళు మూసుకుంది. దొర పుస్తకంలో రాసుకుని, చెక్క విరగడం చూసినవాళ్ళు ఒకరు పేరు చెప్పి సాక్ష్యం ఇవ్వాలి అన్నాడు. రాయి వేలిముద్ర వెయ్యలేదు కదా.

జోగి ముందుకొచ్చాడు. దొర పేరడిగాడు. అచ్చన్న అంటే సరిపోయేది. పట్టీలో ఉన్న పేరు, పని సాఫీగా జరిగిపోయేది. జోగి కాలువ వైపు చూశాడు.

"జోగి," అన్నాడు.

"ఆ పేరుగలోడు మా పట్టీలో లేడు బాబూ," అన్నాడు మేస్త్రీ. "లేనోడు సాచ్చికం ఏటి సెప్తాడు?"

జోగి అతని వైపు తిరిగాడు. పద్నాలుగేళ్ళలో మేస్త్రీ కళ్ళలోకి సూటిగా చూడడం అదే మొదలు. "సచ్చినోడు తన పేరుకి పలికినాడు," అన్నాడు. "బతికున్నోణ్ణి నాను పరాయి పేరుకి పలుకుతానేటి?"

దొర కూలీల వైపు చూసి, జోగి అనే మనిషి ఇక్కడ ఉన్నాడా అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు.

అప్పుడు కాలువ అవతలనుంచి గోవిందు రాయి "ఉన్నాడు" అంది. తరవాత దాని పక్కది. సన్యాసిది. జ్వరమొచ్చి పక్కమీద పోయి ఏనాడూ పలకనివాళ్ళవి కూడా. పంతొమ్మిది రాళ్ళూ ఒకదాని తరవాత ఒకటి, ఉన్నాడు, ఉన్నాడు అన్నాయి.

బతికున్నవాళ్ళకి అప్పుడు సిగ్గేసింది. ముందు ఒకడు, తరవాత ఇద్దరు, ఆ తరవాత బారక్ బారకంతా ఉన్నాడంది. చెక్క విరగడం మేమూ చూశామంది. గురునాథం ఎవరూ చెప్పకుండానే పట్టీలో అచ్చన్న పేరు కొట్టేసి, పక్కన కుదురుగా జోగి అని రాశాడు. అచ్చన్న ఎక్కడున్నా, వాళ్ళమ్మ దగ్గర చల్లగా ఉండాలని జోగి మనసులో అనుకున్నాడు.

ఆ నెలలోనే ఢిల్లేశ్వరరావుని తన్లిన్ రేవుకి బదిలీ చేశారు. అక్కడ రాళ్ళు లేవని ఆయన సంతోషించాడంటారు. కొత్త చెక్కలు వేశారు. తిన్ తిన్‌కి గది నిలిచింది, గోతాల చావిడిలో సూదీ పురికొసా చేతికొచ్చాయి. కుళాయి దగ్గర ఒకరోజు ఎవరో తన కుండ పక్కకి జరిపి, ముందు నువ్వు పట్టుకో జోగీ అన్నారు. అన్నవాడు వేరేవైపు చూస్తూ అన్నాడు, అయినా అన్నాడు.

ఒక మధ్యాహ్నం తిన్ తిన్, చిన్నతల్లి కలిసి ఓడ దింపిన రాళ్ళలోంచి పొడుగాటి నల్లరాయిని దొర్లించుకొచ్చి జోగి చాప పక్కన పెట్టారు. ఇది నీకు, అన్నం నా చేత్తో పెడతాను కో జోగీ అంది తిన్ తిన్. తొందరేటి మా తిన్ అని జోగి నవ్వాడు. అందాకా దానిమీద చిన్నతల్లి కూచుని గంజి తాగేది.

ఇదంతా తరవాతి మాట. దొర వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే గురునాథం బల్లెక్కి, గొంతు సవరించుకుని, "జోగి" అన్నాడు.

పేరు కొత్త కావడంతో ఒక్క క్షణం ఆలస్యమైంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఉన్నాను బావూ," అన్నాడు జోగి, "ఎక్కడికెల్తాను."