టికెట్టు గదిలో కాపురం

శ్రీవైకుంఠం దగ్గర రైలు నీళ్ళ నడుమ నిలిచిపోయిన వెల్లువ ఏడు అది. కోవిల్‌పట్టిలో మా టాకీసులోకీ నీళ్ళు వచ్చాయి. టాకీసంటే పేరుకే. ఆట ఆగిపోయి ఎన్నో ఏళ్ళు. అగ్గిపెట్టెల గోదాము అయింది, ఆ తర్వాత మిరపకాయల గోదాము. నేల మాత్రం అదే వాలు, తెర వైపుకు. నీళ్ళన్నీ అక్కడే నిలిచాయి.

నేను ఒకప్పుడు గేటులో టికెట్లు చించినవాణ్ణి. ఇప్పుడు కాపలా. టికెట్లమ్మిన గదిలోనే కాపురం. నా భార్య తంగం పోయిందీ ఆ గదిలోనే. వేరే ఇల్లు లేదు.

ఆ వానలో నేనూ మేనేజరు సోలైమలై కలిసి మిరప మూటలు మెరకకు లాగాము. సోలై నా అక్క కొడుకు. నేనే తెచ్చి పనిలో పెట్టాను.

"మామా, నువ్వు లేకుంటే ఊరంతా కారం నీళ్ళే తాగుండును," అన్నాడు. "బయపడబాక. బిల్డింగు ఎవురు కొన్నా ఈ గది నీదే. నేనుండాను గదా."

నమ్మాను.

నేల ఆరినాక విరుదునగర్ నుంచి పప్పు మిల్లు ఆయన కొనను వచ్చాడు. కల్యాణమండపం చేస్తాడట. లోపలికి రాగానే తుమ్మాడు. వెంట వచ్చినవాళ్ళూ తుమ్మారు.

"పెండ్లికూతురు ఏడవకున్నా కండ్లల్లో నీళ్ళొస్తాయిలే," అన్నాను సోలైతో.

మాకు ఇంట్లో తెలుగు, బయట అరవం. అయినా వాడు నాతో ఎవరి ముందరైనా తెలుగే. ఆ రోజు నవ్వనైనా నవ్వలేదు.

ఆయన నన్ను చూపించి, చుట్టమా అని అరవంలో అడిగాడు. "సొందమా?"

"ఇల్లె సార్. వాచ్‌మేన్," కాదనేశాడు సోలై. నా వైపు తిరిగి, "పెరియవరే, కొంచం తళ్ళి నిల్లుంగ," అన్నాడు.

పెద్దాయనా, కాస్త పక్కకు జరగండి, అని. పుట్టి బుద్ధెరిగి వాడు నన్ను 'అండి' అన్నది అదే మొదలు.

సాయంత్రం గదికి వచ్చాడు.

"కోపమా మామా? సొందమంటే నాకు మేనేజరు పని ఇయ్యడు. చుట్టాల్ని నింపుకుండానంటాడు."

"గది?"

"జెనరేటరు పెట్టాలంట." నేల చూశాడు. "ఒక మాటైనా తిట్టు మామా."

తిట్టలేదు. వాడితో తెలుగు మాట్లాడను మనసు రాలేదు.

మరునాడు పొద్దున తంగం పటమూ నా గుడ్డలూ సంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర విరుదునగర్ ఆయన పక్కన సోలై నిలబడి ఉన్నాడు. చెయ్యి చాచి తాళంచెవి ఇచ్చాను.

"మేనేజర్ సార్, సావి."

"మామా..." అన్నాడు, ఆయన ముందరే. దారి వదల్లేదు.

"కొంచం తళ్ళి నిల్లుంగ," అన్నాను.

జరిగాడు. విళాత్తికుళం బస్సెక్కాను.