కోత పండుగ వేలం

లైబ్రరీ బీరువాలో బైబిళ్ళు దాచిపెట్టి, పేపరు చదవడానికి వచ్చే పిల్లకాయలకు పంచుతూ కరుణ పట్టుబడిందట. ఈ మాట అన్నది పక్కింటి ఆదిలక్ష్మమ్మ. కరుణతో కాదు, చింతపండు బదులుకు వచ్చి, కరుణ అత్త మరియమ్మతో అంది. ఆమెకు చెప్పింది మిషను కుట్టే శివమ్మ. శివమ్మకు ఎవరు చెప్పారో శివమ్మకే గుర్తు లేదట.

"నేనైతే నమ్మలేదక్కా అనింది. నమ్మనిదానివి నాకెందుకు మోసుకొచ్చినావే అని అడగల్సింది. చింతపండు కూడా ఇచ్చి పంపిస్తి" అంటూ మరియమ్మ రోట్లో మిరపకాయల మీద నాలుగు దెబ్బలు ఎక్కువే వేసింది.

కరుణ లైబ్రేరియన్‌గా ఉన్న ఆ లైబ్రరీలో బైబిలే లేదు. ఉన్నవల్లా పోటీ పరీక్షల పుస్తకాలు, అట్టలూడిన నవలలు, నీలం అట్టతో సన్నపాటి పుస్తకం ఒకటి. గొడవంతా ఆ నీలం పుస్తకానిది.

ఆళ్ళగడ్డ పక్క పల్లె వాళ్ళది. ఎస్సీ కాలనీవాళ్ళకు వంక కింద ప్రభుత్వం ఇచ్చిన భూములు ఒక్కొక్కటే ఊరి పెద్దకాపు పెద్ద సుబ్బయ్య తండ్రి చేతికి ఎలా పోయాయో, ఎవరు ఏ కరువులో వేలిముద్ర వేశారో, చనిపోయేముందు ఒక రిటైర్డు బడి అయ్యవారు రాసి, సొంత డబ్బుతో అచ్చువేయించి లైబ్రరీకి ఇచ్చి పోయాడు. కరుణ దాన్ని అందరికీ కనపడే అరలో పెట్టింది. అంతవరకు లైబ్రరీ గడప తొక్కని ముసలివాళ్ళు కూడా వచ్చి, మనవళ్ళ చేత చదివించుకుని పోయేవారు.

పుస్తకం తీసెయ్యమని సుబ్బయ్య మనిషిని పంపాడు. "తీస్తానన్నా. తీయమని పైనుంచి ఆర్డరు రాపిచ్చుకోని రాండి" అంది కరుణ. ఆర్డరు రాలేదు. మతప్రచారం చేస్తోందని ఆమె మీద అర్జీ పోయింది. ఆమెది ఔట్‌సోర్సింగు కొలువు. విచారణ లేదు, సంజాయిషీ లేదు. రేపటినుంచి రావద్దని ఒక ఫోను వచ్చింది, అంతే. నీలం పుస్తకం ఆ వారమే అరలో లేకుండా పోయింది.

కేసు వేస్తే నిలుస్తుందని నంద్యాల లాయరు అన్నాడు. హైకోర్టు ఖర్చులకు పాతిక వేలు అడిగాడు. ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చోకముందే వెయ్యాలన్నాడు. కరుణ భర్త ఎడ్విన్ ఇళ్ళకు రంగులు వేస్తాడు. వానల్లో ఆ పనీ లేదు.

నంద్యాలలోనే లైబ్రేరియన్ల సంఘం ఒకటి ఉంది. కష్టంలో పడినవాళ్ళకు సాయం చెయ్యడానికి దానికొక నిధి ఉంది. దాని కార్యదర్శి అజయ్ కుమార్ గ్రంథాలయ వారోత్సవాల్లో 'చదువుకునే హక్కు' మీద గంటసేపు మాట్లాడితే, ముందు వరసలో కూర్చుని కరుణ చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది. ఆ ధైర్యంతోనే బస్సెక్కి పోయింది. ఆయన టీ తెప్పించాడు. అంతా విన్నాడు.

"నిధి పర్మినెంటు వాళ్ళకేనమ్మా. నువ్వు సభ్యురాలివి కాదు కదా."

"చేర్చుకోండి సార్, చేరతా."

"ఉద్యోగంలో లేనోళ్ళను ఎట్ల చేర్చుకునేది?" అని ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు చేసింది మాత్రం కరెక్టు. నేనన్నానని యాడా చెప్పాకు."

టీ చల్లారిపోయింది. కరుణ తాగకుండానే లేచింది.

ఇక మిగిలింది చర్చి. ఆ ఏడు కోత పండుగ వేలంలో వచ్చే సొమ్మంతా కరుణ కేసుకేనని చర్చి పెద్ద జకరయ్య పట్టుబట్టి ఒప్పించాడు. "మన బిడ్డకు మనం కాకపోతే ఎవరు పెడతారప్పా?" అని ఇల్లిల్లూ తిరిగాడు. కోత పండుగకు ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక చర్చి ముందర వేలంపాట పెడతారు. సోలెడు శనగలైనా అంగడి ధరకు పదింతలు పోతాయి. పాడినవాళ్ళు ఆ వస్తువును ఇంకొకరికి ఇచ్చెయ్యడం గొప్ప.

పండుగ రోజు కరుణకు చాన్నాళ్ళకు ఆకలి వేసింది. పుంజులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, జొన్నల మూట. ఇన్ని తెచ్చారా తనకోసం అనుకుంది. అంతలో పాస్టరు అయ్యగారి ఇంట్లోనుంచి చేతుల కుర్చీ తెచ్చి, తువ్వాలు పరిచి, ముందర వేశారు. ఆ కుర్చీ ఏటా ఎవరికి వేస్తారో కరుణకు తెలుసు.

తాతల కాలంనుంచి వేలానికి ఊరి పెద్దకాపును పిలవడం వాడుక. ఆయన పది మందిలో పాట పెంచుతాడు, చర్చికి నాలుగు రాళ్ళు వస్తాయి. ఏటా పోయినట్టే జకరయ్య ఈ ఏడూ పోయి చెప్పి వచ్చాడు. ఎవరికోసం వేలమో, ఎవరిని పిలుస్తున్నాడో రెండూ కలిపి చూసుకోవాలని ఆయనకు తట్టలేదు. తక్కిన పెద్దలకూ తట్టలేదు.

పెద్ద సుబ్బయ్య వచ్చి కూర్చున్నాడు. పుంజులు పోయేదాకా నోరు విప్పలేదు. గుమ్మడికాయ పాటకు వచ్చింది. రెండు వందలు, మూడు వందలు అంటున్నారు.

"పాతిక వేలు" అన్నాడు సుబ్బయ్య.

ఒకటోసారి, రెండోసారి అనడం కూడా మరిచిపోయాడు జకరయ్య. జనం చప్పట్లు కొట్టారు. లాయరు అడిగింది ఎంతో కాలనీలో అందరికీ తెలుసు. సుబ్బయ్యకూ తెలిసిందన్నమాట.

"ఆ పాప మన ఊరి ఆడబిడ్డ. ఆడబిడ్డకు కష్టమొస్తే కోర్టులెందుకప్పా, మేము సచ్చినామా?" అని లేచి, "ఈ కాయ ఆ పాపకే ఇయ్యండి" అన్నాడు. కరుణ చేతులు ముందుకు రాలేదు. ఎడ్విన్ అందుకున్నాడు, తల వంచుకుని.

మధ్యాహ్నం చర్చి వెనక గదిలో కూర్చున్నారు, అయ్యగారు, జకరయ్య, కరుణ ఇంటివాళ్ళు. డబ్బు బల్ల మీద ఉంది.

"ఇంకేంది ఆలోచన? ఆయన దుడ్లతోనే ఆయన మింద ఎయ్యి కేసు" అంది మరియమ్మ. "ముల్లును ముల్లుతోనే కదా తీసేది."

"అట్లనాకు మరియమ్మా" అన్నాడు అయ్యగారు. "ఆయన అంతమందిలో కోర్టు వద్దన్యాడు, మనోళ్ళు చప్పట్లు కొట్టినారు. కేసేస్తే ఈ డబ్బు ఇయ్యలేం. తిరిగిచ్చెయ్యల్ల."

"వేరేవాళ్ళు పాడిన డబ్బు?" అడిగింది కరుణ.

"వాళ్ళూ భయపడతాండారమ్మా. కేసుకని ఇచ్చినట్టు రాయద్దంటాండారు."

ఎడ్విన్ ఆమె వైపు చూడకుండా అన్నాడు. "తీసుకుందాం కరుణా. ఇంట్లో బియ్యం లేవు."

ఆమె మొగుడి రంగు మరకల వేళ్ళు చూసింది. బల్ల మీది డబ్బు చూసింది. తీసుకుంటే బియ్యం వస్తాయి, కేసు ఉండదు. లైబ్రరీలో ఆ అర ఖాళీగానే ఉండిపోతుంది, తన కుర్చీలో ఎవరో కూర్చుంటారు.

జకరయ్య ఓదార్పుగా దగ్గరికి జరిగాడు. "ఒక్క పుస్తకం కోసరం ఇంత పట్టు ఎందుకు తల్లీ? సగం కాలనీ ఆయన చేలల్లోనే బతుకుతాంది. ఏముందని దాంట్లో?"

"మీ నాయన భూమి ఉంది మామా. గొర్రెల జబ్బు వచ్చిన ఏడు, రెండు మూటల జొన్నలకు ఎట్ల పోయిందో రాసుండాది. ఒక్కసారన్నా సదివిచ్చుకున్యావా?"

జకరయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"సదివిచ్చుకునేదేముంది? ఆ భూమినే ఇప్పుడు సుబ్బయ్య కాడ కౌలుకు దున్నుతాండా."